వింటర్ టైర్లు వేశాక టీపీఎంఎస్ లైటు మిణుకుమంటుంటే సెట్ బటన్ నొక్కి లాభం లేదు

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో. డాలస్ నుంచి మినియాపొలిస్‌కు మకాం మార్చారు. కారు 2016 కామ్రీ, 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు. చలికాలం కోసం 16 అంగుళాల స్టీలు చక్రాలకు వింటర్ టైర్లు, లోపల సెన్సర్లు బిగించి ఉన్న సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంటి దగ్గరే మార్చుకున్నారు. అప్పటి నుంచి డాష్‌బోర్డు మీద పసుపు రంగు టైరు గుర్తు (టీపీఎంఎస్, అంటే టైర్లలో గాలిని కనిపెట్టుకుని ఉండే వ్యవస్థ లైటు) కాసేపు మిణుకుమని, ఆ తర్వాత ఆరకుండా వెలుగుతోంది. గాలి చూస్తే నాలుగింటిలోనూ 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంది. సెట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేదు. షాపులో అడిగితే ప్రోగ్రామింగ్‌కి డబ్బులు కట్టాలన్నారు. కొత్త సెన్సర్లకి మళ్లీ ప్రోగ్రామింగ్ ఏమిటి, వీళ్లు మోసం చేస్తున్నారా అని మీ అనుమానం.

మోసం కాదు. సెన్సర్లు బాగానే ఉండి ఉంటాయి, అవి మీవేనని కారుకి తెలియదు, అంతే.

ఆ లైటు రెండు వేర్వేరు సంగతులు చెబుతుంది. కారు స్టార్ట్ చేయగానే మిణుకుమనకుండా నేరుగా వెలిగి అలాగే ఉంటే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే గాలితో సంబంధం లేదు, గాలిని కొలిచే వ్యవస్థే పనిచేయడం లేదని అర్థం. మీది రెండోది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, రెండో స్థితిలో ఉన్నప్పుడు నిజంగా పంక్చరై గాలి దిగిపోయినా కారు మీకు ఏమీ చెప్పదు. లైటు అప్పటికే వెలుగుతోంది కదా.

మీ కామ్రీలో ఒక్కో చక్రం లోపల, వాల్వు మొదట్లో ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీతో నడుస్తుంది. చక్రం తిరగడం మొదలవగానే నిద్ర లేచి గాలి ఎంతుందో, దాంతోపాటు తన ఐడీ నంబరు రేడియోలో పంపుతూ ఉంటుంది. కారులోని రిసీవర్ దగ్గర నాలుగు ఐడీల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో లేని సెన్సర్ ఏం చెప్పినా పట్టించుకోదు. పట్టించుకోకూడదు కూడా. లేకపోతే సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కారు టైరులో గాలి తగ్గితే మీ డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. కొత్త చక్రాలతో సుమారు 20 నిమిషాలు నడిపాక, తనకు తెలిసిన నాలుగు ఐడీల్లో ఒక్కటీ వినపడలేదని తేల్చుకుని టయోటా ఆ మిణుకుడు మొదలుపెడుతుంది.

ఇక సెట్ బటన్. చాలామంది దీన్ని రీసెట్ అనుకుంటారు. దీని పని వేరు. ఇప్పుడు టైర్లలో ఎంత గాలి ఉందో దాన్నే సరైన గాలిగా గుర్తుపెట్టుకోమని కారుకి చెప్పడం దీని పని. కొత్త ఐడీలు నేర్చుకోవడం దీనివల్ల కాదు. పైగా ఒక ప్రమాదం ఉంది. గాలి 28కి దిగినప్పుడు లైటు వెలిగిందని విసుక్కుని ఈ బటన్ నొక్కారనుకోండి, కారు 28నే ప్రమాణంగా తీసుకుంటుంది. ఆ తర్వాత 21, 22 దాకా దిగితే గానీ నోరు విప్పదు. అందుకని ఈ బటన్ ముట్టుకునే ముందు గేజీతో నాలుగు టైర్లూ చూసి, డ్రైవరు డోరు చట్రం మీది స్టిక్కర్‌లో ఉన్న అంకెకు సరిచేయాలి. అదీ బండి చల్లగా ఉన్నప్పుడు, అంటే కనీసం 3 గంటలు ఆగి ఉన్నాక. అప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, లైటు నెమ్మదిగా 3 సార్లు మిణుకుమనేదాకా బటన్ నొక్కి పట్టుకోండి. తర్వాత ఇంకో రెండు మూడు నిమిషాలు ఇగ్నిషన్ అలాగే ఉంచి ఆపేయండి.

మీ ముందున్న దారులు మూడు.

మొదటిది, కొత్త ఐడీలను కారులోకి ఎక్కించడం. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకి, అంటే కారు కంప్యూటరుతో మాట్లాడే సాకెట్టుకి, పరికరం తగిలించి, నాలుగు కొత్త ఐడీలను పాతవాటి స్థానంలో రాస్తారు. డీలరు దగ్గర టయోటా సొంత సాఫ్ట్‌వేర్ టెక్‌స్ట్రీమ్ ఉంటుంది. టైరు షాపుల్లో ఆటెల్ టీఎస్508 లాంటివి, ఇళ్లలో కొందరి దగ్గర ఆటెక్ క్విక్‌సెట్ ఉంటాయి. పది నిమిషాల పని. చిక్కల్లా ఏమిటంటే మీ తరం కామ్రీ ఒక్క సెట్టునే గుర్తుంచుకుంటుంది. ఏప్రిల్‌లో అల్లాయ్‌లు తిరిగి బిగించినప్పుడు మళ్లీ ఇదే తతంగం, నవంబరులో మళ్లీ.

రెండోది క్లోనింగ్. నేనైతే దీనికే ఓటు వేస్తాను. అల్లాయ్ చక్రాల్లోని పాత సెన్సర్ల ఐడీలను పరికరంతో చదివి, అవే ఐడీలను కొత్త సెన్సర్లలోకి రాస్తారు. ఇక ఏ సెట్టు బిగించినా కారుకి తేడా తెలియదు, ఒక్కసారి డబ్బు కడితే సరిపోతుంది. షరతు ఒక్కటే, కొత్త సెన్సర్లు ప్రోగ్రామ్ చేయడానికి వీలున్నవై ఉండాలి. ఆటెల్ ఎంఎక్స్ సెన్సర్, ష్రేడర్ ఈజీ సెన్సర్ లాంటివి అలాంటివే. టయోటా సొంత సెన్సర్లకు ఐడీ ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా పడిపోతుంది, మార్చలేరు. మీరు కొన్న సెట్టు బిల్లులో సెన్సర్ పేరు ఉంటుంది, ముందు అది చూసుకోండి. ప్రోగ్రామబుల్ రకమైతే టైరు విప్పక్కర్లేదు. వాల్వు పక్కన టైరు గోడకు పరికరం ఆనించి బయటి నుంచే రాయవచ్చు.

షాపుకి వెళ్లేటప్పుడు అల్లాయ్ చక్రాలు కూడా డిక్కీలో వేసుకు వెళ్లండి, చదవడానికి అవి కావాలి. ఆ పని ఈ చలికాలమే చేయించండి. ఎందుకంటే సెన్సర్ బ్యాటరీ మార్చేది కాదు, లక్కలాంటి పదార్థంలో మూసేసి ఉంటుంది, సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. 2016 బండిలోని అసలు సెన్సర్లు ఇంకా పనిచేస్తున్నాయంటే మీ అదృష్టం. అవి చచ్చిపోతే పరికరానికి జవాబివ్వవు. అప్పుడు ఐడీలను ఓబీడీ ద్వారా కారు జ్ఞాపకం నుంచి చదివి, కొత్త సెన్సర్లలోకి రాయమనాలి. ఇది చాలా పరికరాలతో సాధ్యమే గానీ, కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడికి ఆ సంగతి గుర్తుండకపోవచ్చు, మీరే అడగండి.

క్లోన్ చేయించాక మీకు సంబంధించిన చిన్న జాగ్రత్త ఒకటి. ఒకే ఐడీ రెండు చోట్ల ఉన్నట్టు కదా. తీసిపెట్టిన చక్రాలను కారులో వేసుకుని తిప్పితే, కదలికకు అవీ నిద్రలేచి కేకలు వేస్తాయి, రెండు వేర్వేరు అంకెలు రావడంతో కారు తికమక పడుతుంది. గ్యారేజీలో కదలకుండా పడి ఉంటే మాత్రం అవి నిద్రలోనే ఉంటాయి, ఇబ్బంది రాదు.

మూడో దారి, లైటుని అలాగే వదిలేయడం. కెనడాలో టీపీఎంఎస్ తప్పనిసరి కాదు కాబట్టి అక్కడ చాలామంది చలికాలమంతా ఇలాగే నడుపుతారు. ఒక గేజీ కొనుక్కుని వారం వారం తప్పకుండా చూసే ఓపిక ఉంటే ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే మీరు సెన్సర్లకు ఇప్పటికే డబ్బు పెట్టారు.

ఇక్కడ అమెరికా చట్టం సంగతి కొంచెం చెప్పాలి. ఫైర్‌స్టోన్ టైర్లు చీలిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తా పడిన గొడవ తర్వాత 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం వల్ల, 2008 మోడళ్ల నుంచి 10,000 పౌండ్ల లోపు బరువు తరగతిలోని కార్లన్నిటికీ ఈ వ్యవస్థ ఉండాలి. స్టిక్కర్ మీది అంకె కన్నా 25 శాతం తగ్గేసరికి హెచ్చరించాలి. పనిచేస్తున్న భద్రతా పరికరాన్ని షాపువాళ్లు తెలిసి పనికిరాకుండా చేయకూడదు. అందుకే సెన్సర్లు లేని వింటర్ చక్రాలు తీసుకెళ్తే కొన్ని షాపులు బిగించనంటాయి. 2011లో రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇచ్చిన వివరణ ఇదే చెబుతుంది. సెన్సర్ అంతకుముందే చచ్చిపోయి ఉంటే ఆ నిషేధం వర్తించదు. ఈ నిబంధన వ్యాపారానికే గానీ, తన కారు చక్రాలు తాను మార్చుకునే యజమానికి కాదు.

మీలాగే వేరే కార్లు ఉన్నవాళ్లు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా: హోండా, మాజ్డాల్లో గత పదేళ్లలో వచ్చిన చాలా మోడళ్లలో చక్రంలో సెన్సరే ఉండదు. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత తగ్గి కొంచెం వేగంగా తిరుగుతుంది, చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ (బ్రేకుల వ్యవస్థ) ఆ తేడాని పసిగడుతుంది. వాళ్లు సెన్సర్లు కొంటే డబ్బు దండగ. చక్రాలు మార్చి, గాలి సరిచేసి, మెనూలో క్యాలిబ్రేషన్ మొదలుపెట్టి కాసేపు నడిపితే చాలు. చేవ్రొలే లాంటి జీఎం బళ్లలో లెర్నింగ్ మోడ్ పెట్టి, డ్రైవరు వైపు ముందు చక్రంతో మొదలుపెట్టి, కుడివైపు ముందు, కుడివైపు వెనక, ఎడమ వైపు వెనక అనే వరసలో చిన్న పరికరంతో ఒక్కో సెన్సర్‌ని లేపుతుంటే హారన్ మోగి నేర్చుకున్నానని చెబుతుంది. హ్యుందాయ్, కియాల్లో చాలావరకు నడిపితే అవే నేర్చుకుంటాయి. టెస్లా మోడల్ 3, మోడల్ వైల్లో 2021 నుంచి వచ్చేవాటికి బ్లూటూత్ సెన్సర్లు కావాలి, పాత రేడియో రకం పనిచేయవు. ఏ కారైనా సెన్సర్ ఫ్రీక్వెన్సీ సరిపోవాలి. ఉత్తర అమెరికాలో 315 మెగాహెర్ట్జ్, 433 మెగాహెర్ట్జ్ రెండూ ఉన్నాయి. మోడల్, సంవత్సరం చెప్పి పార్టు నంబరుతో సరిచూసుకోకుండా కొనకండి.

ప్రోగ్రామింగ్ అయిపోయాక లైటు మళ్లీ వెలిగిందని కంగారు పడొద్దు. ఈసారి మిణుకుమనకుండా వెలిగితే చలి వల్లే. మినియాపొలిస్‌లో ఇది మీకు కొత్త అనుభవం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పడిపోతే గాలి సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. టైరులో చిల్లు ఉండక్కర్లేదు. 70 డిగ్రీల వేడిలో 35 పెడితే, సున్నా డిగ్రీల ఉదయానికి అది 28 చిల్లర అవుతుంది. లైటు వెలిగే గీత 26 దగ్గర ఉంది, కాబట్టి ఇంకా వెలగదు. అదే 70 డిగ్రీల దగ్గర 33తో మొదలైతే, మైనస్ 10కి వచ్చేసరికి 26 లోపలికి దిగి లైటు వెలుగుతుంది. పది మైళ్లు నడిపాక టైరు వేడెక్కి గాలి పెరిగి లైటు ఆరిపోతుంది, అది చూసి సమస్య తీరిందనుకుంటారు. తీరలేదు, మర్నాడు పొద్దున మళ్లీ వెలుగుతుంది.

దీనికి మందు బయట చలిలో, బండి చల్లగా ఉన్నప్పుడు కొలిచి స్టిక్కర్ అంకెకు నింపడమే. వెచ్చని గ్యారేజీలో నింపేవాళ్లు లోపలికీ బయటికీ ఉన్న తేడాలో ప్రతి 10 డిగ్రీలకీ ఒక పీఎస్‌ఐ అదనంగా వేసుకోవాలి. గ్యారేజీ 50, బయట సున్నా అయితే 35 బదులు 40 అన్నమాట. అది ఎక్కువ కాదు, బయటికి రాగానే 35 దగ్గరికి దిగుతుంది. మంచులో పట్టు బాగుంటుందని గాలి తగ్గించడం పాతకాలపు సలహా, ఇసుకలో పనికొస్తుందేమో గానీ రోడ్డు మీద వద్దు. నైట్రోజన్ నింపితే చలికి తగ్గదని హైదరాబాదు పెట్రోలు బంకుల్లో చెప్పే మాటే ఇక్కడా వినిపిస్తుంది. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. చలికి అదీ ఇదీ ఒకేలా ముడుచుకుంటాయి.

చక్రాలు మీరే మార్చుకున్నారు కాబట్టి నట్ల సంగతి చూడాలి, లైటు కన్నా ఇది అత్యవసరం. కామ్రీ ఫ్యాక్టరీ అల్లాయ్‌లకు వచ్చే నట్లకు కింద బల్లపరుపు వాషరు, పొడుగాటి మెడ ఉంటాయి. బయట కొన్న చక్రాలకు చాలావరకు 60 డిగ్రీల కోను నట్లు కావాలి, సైజు ఎం12, మర పిచ్ 1.5. చక్రాలతోపాటు నట్ల సంచి వచ్చి ఉంటే అందుకే ఇచ్చారు. పాత నట్లతో బిగించి ఉంటే ఇవాళే మార్చండి. కోను ఉండాల్సిన గుంటలో కోను సరిగా కూర్చోకపోతే బిగువు వచ్చినట్టే అనిపించి తర్వాత వదులవుతుంది. రంధ్రాల కొలత 5 గుణింతం 114.3 మిల్లీమీటర్లు, అంటే ఆ వ్యాసమున్న వలయం మీద 5 రంధ్రాలు. చక్రం కూర్చునే హబ్ మధ్య ఉబ్బు వ్యాసం 60.1. చక్రం మధ్య రంధ్రం దానికన్నా పెద్దదైతే మధ్యలో వేసే రింగులు కావాలి, లేకపోతే 60 మైళ్ల దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. అది చూసి టైరు బ్యాలెన్సింగ్ బాగాలేదనుకుని డబ్బులు పోసేవాళ్లున్నారు.

హబ్ మీది తుప్పు తీగ బ్రష్‌తో గీకి, చక్రం వెనక ముఖం కూడా తుడిచి బిగించండి. నట్లు ఎక్కే స్టడ్ మరలకు గ్రీజు గానీ, పట్టేయకుండా రాసే యాంటీసీజ్ గానీ పూయకండి. పూస్తే అదే రెంచ్ అంకెకి అసలు బిగింపు ఎక్కువైపోయి స్టడ్ సాగుతుంది. ముందు చేత్తో, తర్వాత నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి, చివరికి బండి నేల మీదికి దించి టార్క్ రెంచ్‌తో 76 ఫుట్ పౌండ్లు, అంటే 103 న్యూటన్ మీటర్లు. నట్టుకి 21 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది, బయటి నట్లయితే కొలత మారవచ్చు. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి. స్టీలు చక్రాల రంగు నలిగి కొంచెం వదులు ఇవ్వడం మామూలే.

16 అంగుళాలకు దిగడం మంచి నిర్ణయమే. 205/65ఆర్16 మీ 215/55ఆర్17 చుట్టుకొలతకు ఒక శాతం లోపు తేడాతో సరిపోతుంది, స్పీడోమీటరు తప్పు చూపదు. సన్నని టైరు మంచుని కోసుకుంటూ వెళ్తుంది, మంచు కింద గుంతల్లో పడ్డా రిమ్ము బతుకుతుంది. టైరు గోడ మీద కొండ, దాని మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. ఎం ప్లస్ ఎస్ అని మాత్రమే ఉంటే అది గాట్ల ఆకారాన్ని బట్టి వేసుకునే ముద్ర, చలిలో రబ్బరు మెత్తగా ఉంటుందన్న హామీ కాదు. కెనడాలోని కెబెక్ రాష్ట్రంలో, అక్కడ రిజిస్టరైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చట్టం అడిగేది ఈ కొండ గుర్తునే.  బాణం గుర్తున్న టైరైతే అది ముందుకు తిరిగే దిక్కులోనే ఉండాలి.

ఉప్పు రోడ్ల మీద టీపీఎంఎస్‌కి అసలు శత్రువు వాల్వు. అల్యూమినియం వాల్వులో ఇత్తడి పిన్ను పెడితే ఉప్పు నీటికి రెండూ ఒకదానికొకటి పట్టేస్తాయి, తర్వాత పిన్ను తిప్పితే వాల్వు కాండమే విరుగుతుంది. నికెల్ పూత ఉన్న పిన్నే వాడాలి. టోపీలు ప్లాస్టిక్‌వి చాలు. మెరుపు కోసం పెట్టే లోహపు టోపీలు అతుక్కుపోతే సెన్సర్‌తో సహా పోతుంది. పంక్చర్ సీలెంట్ డబ్బా పోస్తే ఆ జిగురు సెన్సర్ రంధ్రంలోకి వెళ్లి తప్పు అంకెలు వస్తాయి, ప్రాణాపాయమైతే తప్ప వాడొద్దు. టైరు విప్పించినప్పుడల్లా వాల్వు రబ్బరు సీలు, నట్టు, పిన్ను కలిపి వచ్చే సర్వీస్ కిట్ వేయమనండి. కొద్ది డాలర్ల వస్తువు. టైరుని రిమ్ము నుంచి ఊడదీసే బీడ్ బ్రేకర్‌ని వాల్వుకి దూరంగా పెట్టమని చెప్పడం కూడా మర్యాదకేం లోటు కాదు, విరిగిన సెన్సర్లలో చాలావాటికి కారణం అదే.

ఏప్రిల్‌లో పగలూ రాత్రీ 45 డిగ్రీల పైన నిలిచాక మళ్లీ అల్లాయ్‌లు వేయండి. తీసేటప్పుడే టైరు లోపలి వైపు చాక్‌పీసుతో ముందు ఎడమ, వెనక కుడి అని రాసుకోండి. వింటర్ సెట్టుకి ఉప్పు కడిగి, ఆరబెట్టి, ఎండా, మోటార్లూ, ఫర్నేసూ లేని మూల రిమ్ములతో ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టండి. అల్లాయ్‌లలో గాలి స్టిక్కర్ అంకెకి తెచ్చి, మొదట్లో చెప్పినట్టు సెట్ బటన్ నొక్కండి. క్లోనింగ్ చేయించి ఉండి కూడా అప్పుడు లైటు మిణుకుమంటే పాత సెన్సర్లలో ఒకదాని బ్యాటరీ అయిపోయినట్టే. ఏదో తెలుసుకోవడానికి షాపులో పరికరం ఒక్కో చక్రం దగ్గర పెడితే జవాబివ్వనిది బయటపడుతుంది. ఒక్కటి పోయిందంటే మిగతా మూడూ అదే వయసువి, కాబట్టి ఆ వేసవి టైర్లు అరిగి మార్చే రోజున నాలుగూ కలిపి కొత్తవి, పాత ఐడీలతోనే వేయించుకుంటే టైరు విప్పే కూలి రెండుసార్లు పడదు.